ఎక్స్‌రే గదిలో తెలిసినదీ, చేసేదీ

ఆసుపత్రికి వెళ్ళి వచ్చిన మనిషికి డాక్టరుగారి పేరు గుర్తుంటుంది, మందుల షాపు గుర్తుంటుంది, అయిన ఖర్చు మరీ బాగా గుర్తుంటుంది. ఎక్స్‌రే తీసిన మనిషి మాత్రం గుర్తుండడు. "ఊపిరి పీల్చండి, బిగబట్టండి, వదలండి" అని చెప్పి, గోడ చాటుకు వెళ్ళి మీట నొక్కే ఆ వ్యక్తిని రేడియోగ్రాఫర్ అంటారు. ఎక్స్‌రే కావాలని చీటీ రాసేది డాక్టరు. కాని రోగి ఒంటిలోకి ఎన్ని కిరణాలు వెళ్ళాలి, ఎంత మేర పడాలి, ఒకసారితో పని జరుగుతుందా రెండుసార్లు తీయవలసి వస్తుందా అన్నది చాలావరకు రేడియోగ్రాఫర్ చేతిలోనే ఉంది.

ఈ వ్యాసంలో చర్చించదలచినది ఒకే ఒక ప్రశ్న. కిరణాల వలన కలిగే హాని గూర్చి రేడియోగ్రాఫర్లకు తెలియదా? తెలుసు. పరీక్షలో అడిగితే చక్కగా రాస్తారు. మరి పరీక్షలో రాసినది గదిలో ఎందుకు చెయ్యరు? లోపం చదువులో ఉన్నదా, మనస్సులో ఉన్నదా, పనిచేసే పరిస్థితులలో ఉన్నదా? దీనికి సమాధానం చూసుకోకుండా ఇంకొక శిక్షణ తరగతి పెట్టి, ఇంకొక పోస్టరు గోడకు అంటించినందువల్ల ఒరిగేది ఏమీ ఉండదు.

1. ముందు నడిచినవారు చెల్లించిన మూల్యం

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనుగొన్నాడు. ఆ డిసెంబరులోనే తన భార్య చేతి ఎముకలను వేలి ఉంగరంతో సహా ఫోటో తీశాడు. 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే వచ్చింది. ఇది మనందరం పాఠ్యపుస్తకాలలో చదువుకున్న కథ. దాని వెనుక తక్కువగా చెప్పుకునే కథ ఇంకొకటి ఉంది.

ఆ రోజులలో ట్యూబు ఎంత బలంగా పనిచేస్తున్నదో కొలవడానికి తగిన పరికరాలు లేవు. పనిచేసేవాడు తన చేతినే ట్యూబుకూ తెరకూ నడుమ పెట్టి, ఎముకలు ఎంత స్పష్టంగా కనిపిస్తున్నాయో చూసుకునేవాడు. రోజూ చేసే పని కనుక అదొక అలవాటు. అమెరికాలో ఎడిసన్ ప్రయోగశాలలో పనిచేసిన క్లారెన్స్ డాలీ ఈ విధంగానే చేశాడు. చర్మం కాలింది, పుండ్లు పడ్డాయి, చివరకు కాన్సరు వచ్చింది. చేతులు తీసివేయవలసి వచ్చింది. 1904లో మరణించాడు. ఆ దెబ్బతో ఎడిసన్ ఎక్స్‌రేల జోలికే పోవడం మానుకున్నాడు.

హెచ్చరించినవారు లేకపోలేదు. బోస్టన్ నగరంలో విలియం రోలిన్స్ అనే దంతవైద్యుడు 1901లో గినీ పందుల మీద ప్రయోగాలు చేసి, ఎక్స్‌రేలు ప్రాణం తీయగలవని నిరూపించాడు. ట్యూబును సీసపు తొడుగులో ఉంచండి, కావలసిన మేరకే కిరణం పడనివ్వండి, కళ్ళకు సీసం కలిపిన అద్దాలు పెట్టుకోండి అని రాశాడు. నేటి నియమాలలో ముఖ్యమైనవి దాదాపు ఇవే. కాని ఆయన మాట చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. బ్రిటన్‌లో రక్షణ కమిటీ ఏర్పడింది 1921లో. అంతర్జాతీయ స్థాయిలో కమిటీ ఏర్పడింది 1928లో, స్టాక్‌హోంలో జరిగిన రేడియాలజీ మహాసభలో. అంటే విషయం తెలిసిన తర్వాత కూడా పావు శతాబ్దానికి పైగా గడిచింది. 1936లో హాంబర్గ్ నగరంలో ఒక ఆసుపత్రి ఆవరణలో స్మారక శిల నిలిపి, ఎక్స్‌రే, రేడియం పనులలో ప్రాణాలు కోల్పోయిన 169 మంది పేర్లు చెక్కారు. తర్వాత ఆ జాబితా ఇంకా పెరిగింది.

తెలియడానికీ చేయడానికీ మధ్య దూరం ఎంత ఖరీదైనదో ఈ చరిత్ర చెబుతున్నది. నేడు ఆ దూరం పావు శతాబ్దమంత లేకపోవచ్చు. కాని ప్రతి ఎక్స్‌రే గదిలోనూ ఎంతో కొంత ఉన్నది.

2. నేడు మనకు తెలిసినది

కిరణాల వలన కలిగే హాని రెండు రకాలు. ఒకటి, ఒక హద్దు దాటితేనే వచ్చేది: చర్మం కాలడం, జుట్టు రాలడం, కంట్లో శుక్లాలు రావడం మొదలగునవి. మామూలు ఎక్స్‌రే పరీక్షలలో ఈ హద్దు దాటే అవకాశం లేదు. రెండవది, లాటరీ వంటిది. తగిలిన మోతాదు పెరిగినకొద్దీ కాన్సరు వచ్చే అవకాశం కొద్దికొద్దిగా పెరుగుతుంది. ఎవరికి వస్తుందో చెప్పలేము. వచ్చినా ఏళ్ళు గడిచిన తర్వాత వస్తుంది. ఇంత తక్కువ అయితే భయం లేదు అని గీత గీయకుండా, ఎంత తక్కువైతే అంత మంచిది అనుకొని పనిచేయడమే రక్షణశాస్త్రం అనుసరిస్తున్న మార్గం.

కొలమానం మిల్లీసీవర్ట్. నేల నుండి, గాలి నుండి, ఆకాశం నుండి, తినే తిండి నుండి ప్రపంచంలో సగటు మనిషికి సంవత్సరానికి 2.4 మిల్లీసీవర్ట్ ఎలాగూ తగులుతుంది. ఒక ఛాతీ ఎక్స్‌రేకు 0.1 కంటె తక్కువ. పొట్ట సి.టి. స్కానుకు ఇంచుమించు 10. అంటే ఒక్క పొట్ట స్కాను నూరు ఛాతీ ఎక్స్‌రేలకు మించిన మోతాదన్నమాట. "ఎక్స్‌రే ఎందుకండీ, ఏకంగా స్కానే తీయించెయ్యండి" అని మనం తేలికగా అనేస్తాం గాని, ఆ రెంటి మధ్య తేడా ఇంత.

అంతర్జాతీయ రేడియలాజికల్ రక్షణ సంఘం 1977లో ఖాయపరచిన సూత్రాలు మూడు. కిరణం వాడినందుకు హానికి మించిన ప్రయోజనం ఉండాలి. వాడినప్పుడు సాధ్యమైనంత తక్కువ వాడాలి. మనుషులకు తగిలే మోతాదు పరిమితి దాటరాదు. మన దేశంలో ఈ వ్యవహారాలను చూసేది 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి. దాని లెక్క ప్రకారం కిరణాలతో పనిచేసే ఉద్యోగికి ఐదేళ్ళ సగటున సంవత్సరానికి 20 మిల్లీసీవర్ట్, ఏ ఒక్క సంవత్సరంలోనూ 30 దాటకూడదు. సామాన్య ప్రజలకు 1.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. ఉద్యోగికి పరిమితి ఉంది, ప్రజలకు పరిమితి ఉంది, రోగికి మాత్రం లేదు! రోగికి అవసరమైన పరీక్షను లెక్కలు చూపి ఆపకూడదు గనుక అలా ఉంచారు. పరీక్షకింత అని మార్గదర్శకమైన అంకెలు ఉన్నాయే గాని, ఫలానా రోగికి ఇంతకంటె ఇవ్వరాదని చట్టం గీత గీయలేదు. గీత లేని చోట రేడియోగ్రాఫర్ మనస్సే గీత. అందుచేతనే అతని వైఖరి, అతని అలవాట్లు మనందరికీ సంబంధించిన విషయాలు అవుతున్నాయి.

3. మాట వేరు, చేత వేరు

మనస్తత్వశాస్త్రం చదివే మిత్రులకు లాపియర్ పేరు తెలిసే ఉంటుంది. ఈయన 1930 దశకం తొలి సంవత్సరాలలో ఒక చైనా యువ దంపతులతో కలిసి అమెరికా అంతా తిరిగాడు. అప్పట్లో అక్కడ చైనీయుల పట్ల విముఖత చాలా ఎక్కువ. అయినా వారు వెళ్ళిన 251 బస హోటళ్ళు, భోజన హోటళ్ళలో ఒక్కచోట మాత్రమే కాదు పొమ్మన్నారు. కొన్ని నెలల తర్వాత అవే హోటళ్ళకు "చైనీయులను రానిస్తారా?" అని ఉత్తరాలు రాస్తే, జవాబు ఇచ్చిన 128 మందిలో నూటికి తొంభై మందికి పైగా "రానివ్వము" అన్నారు! 1934లో ప్రకటించిన ఈ పరిశీలన ఒక పాఠం నేర్పింది. మనిషి కాగితం మీద చెప్పేదాన్ని బట్టి అతను చేసేదాన్ని ఊహించడానికి వీల్లేదు.

రేడియోగ్రాఫర్ల విషయంలో ఇదే తిరగబడి కనిపిస్తుంది. "లెడ్ ఏప్రన్ వేసుకోవడం ముఖ్యమా?" అని ప్రశ్నాపత్రం ఇస్తే అందరూ "చాలా ముఖ్యం" అన్న గడిలోనే టిక్కు పెడతారు. ఏప్రన్ మాత్రం మేకుకు వేలాడుతూ ఉంటుంది.

ఇలా ఎందుకు జరుగుతుంది? ఫిష్‌బీన్, ఐజెన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1975లో చెప్పినది, ఐజెన్ 1980లలో పెంచినది మనకు ఇక్కడ ఉపకరిస్తుంది. మనిషి చేత మూడింటి మీద ఆధారపడుతుంది. ఒకటి, ఆ పని మంచిదా కాదా అని తన అభిప్రాయం. రెండు, తను గౌరవించేవాళ్ళు ఏం చేస్తున్నారు, తన నుండి ఏం ఆశిస్తున్నారు అన్నది. మూడు, ఆ పని తన వల్ల అవుతుందా, అందుకు వీలు ఉన్నదా అన్నది. ఎక్స్‌రే గదికి దీన్ని వర్తింపజేసి చూద్దాం.

మొదటిది, అభిప్రాయం. పొయ్యి మీది గిన్నె ముట్టుకుంటే చెయ్యి వెంటనే చురుక్కుమంటుంది. ఆ పాఠం జన్మలో మరచిపోము. ఎక్స్‌రే కనిపించదు, వినిపించదు, చురుక్కుమనదు. ఇవాళ ఏప్రన్ లేకుండా నిలబడినా సాయంత్రం ఇంటికి మామూలుగానే వెళతాం. రేపూ అంతే. ఇట్లా వెయ్యి రోజులు గడిచేసరికి "ఇరవై ఏళ్ళనుంచి చేస్తున్నా, నాకేమయింది?" అన్న ధైర్యం వస్తుంది. ఈ ధైర్యం అనుభవం నుండి పుట్టినదే, కాని తప్పుడు అనుభవం. ఆలస్యంగా వచ్చే హాని విషయంలో నిన్నటి క్షేమం రేపటికి హామీ కాదు.

రెండవది, పెద్దల తీరు. కొత్తగా పోస్టింగుకు వచ్చిన విద్యార్థి పుస్తకం మరచి సీనియర్‌ను చూస్తాడు. సీనియర్ బ్యాడ్జి పెట్టుకోకపోతే తానొక్కడు పెట్టుకోవడం అతనికి సిగ్గు. "ఏమిరా, అంత భయమా?" అన్న ఒక్క మాట చాలు, రెండేళ్ళ చదువు ఎగిరిపోతుంది.

మూడవది, వీలు. వరండాలో ఓ.పి. క్యూ, లోపల ఒకే యంత్రం, ఉన్న ఒక్క ఏప్రనూ పగుళ్ళు పట్టినది. ఇటువంటి చోట రేడియోగ్రాఫర్‌ను ఒక్కణ్ణే తప్పు పట్టడం న్యాయం కాదు. వీలు కల్పించవలసినది యాజమాన్యం.

4. ఐదు చోట్ల చూడండి

రక్షణ గూర్చి రేడియోగ్రాఫర్ వైఖరి ఏమిటో తెలుసుకోవడానికి ప్రశ్నాపత్రం అక్కర లేదు. ఈ ఐదు చోట్ల చూస్తే చాలు.

బ్యాడ్జి: ఛాతీ మీద పెట్టుకునే టి.ఎల్.డి. బ్యాడ్జిలో డిస్ప్రోజియం కలిపిన కాల్షియం సల్ఫేటు బిళ్ళలు మూడు ఉంటాయి. తగిలిన కిరణాల శక్తిని అవి దాచుకుంటాయి. ప్రయోగశాలలో వేడి చేస్తే ఆ శక్తి వెలుగుగా బయటపడుతుంది, దానిని బట్టి మోతాదు లెక్క కడతారు. సాధారణంగా మూడు నెలలకు ఒకసారి ఇది జరుగుతుంది. అయితే బ్యాడ్జి రక్షించదు, లెక్క మాత్రమే చెబుతుంది. "రక్షించనిది ఎందుకు?" అని బీరువాలో పెట్టేవాళ్ళు ఉన్నారు. మూడు నెలలు బీరువాలో ఉన్న బ్యాడ్జి "మోతాదు లేదు" అని రిపోర్టు ఇస్తుంది. అది బీరువా ఆరోగ్యం గూర్చిన రిపోర్టు! ఇంకొందరు ఏప్రన్‌కే తగిలించి ఎక్స్‌రే గదిలో వదిలేస్తారు. అప్పుడు లేని మోతాదు కనిపించి విచారణ వస్తుంది. ఏప్రన్ వేసుకున్నప్పుడు బ్యాడ్జి దాని లోపల, ఛాతీ మీద ఉండాలి. ఒకరి బ్యాడ్జి ఇంకొకరు పెట్టుకోకూడదు. గదిలో గోడ సరిగా లేకపోయినా, యంత్రం కారుతున్నా ముందుగా చెప్పేది ఈ చిన్న బిళ్ళలే. వాటి నోరు నొక్కితే నష్టపోయేది అందరూ.

ఏప్రన్, దూరం: రేడియోగ్రాఫర్‌కు తగిలేది ముఖ్యంగా రోగి ఒంటి మీద పడి చెదిరిన కిరణాలు. రోగికి ఒక మీటరు దూరంలో ఇవి సుమారు వెయ్యో వంతు ఉంటాయి. దూరం రెట్టింపయితే నాలుగో వంతు, మూడింతలయితే తొమ్మిదో వంతు అవుతాయి. పైసా ఖర్చు లేని రక్షణ ఇది. వార్డులో మొబైల్ యంత్రంతో తీసేటప్పుడు వైరు పూర్తిగా సాగదీసి కనీసం రెండు మీటర్లు వెనక్కు జరగడానికి రెండు క్షణాలు పడుతుంది. పావు మిల్లీమీటరు సీసానికి సమానమైన ఏప్రన్ కూడా చెదిరిన కిరణాలలో నూటికి తొంభై వంతులకు పైగా ఆపుతుంది. దానిని మడత పెట్టి కుర్చీ మీద పడేస్తే లోపల చీలుతుంది, పైకి కనిపించదు. కొక్కేనికి వేలాడదీయాలి, అప్పుడప్పుడు దానికే ఎక్స్‌రే తీసి చూడాలి. ఆపరేషన్ థియేటరులో సి-ఆర్మ్ దగ్గర, గుండె క్యాథ్ ల్యాబులో పనిచేసేవారికి కళ్ళ సంగతి కూడా ముఖ్యం. కంటి కటకానికి సంవత్సరానికి 150 మిల్లీసీవర్ట్ అని ఉన్న పాత పరిమితిని సగటున 20కి తగ్గించమని అంతర్జాతీయ సంఘం 2011లో సిఫారసు చేసింది.

కొలిమేటర్, రిపీట్లు: కిరణం ఎంత మేర పడాలో నిర్ణయించేది ట్యూబు కిందనున్న కొలిమేటర్. 8/10 సరిపోయే చోట 14/17 వెడల్పు తెరిచి ఉంచితే 80 చదరపు అంగుళాలకు బదులు 238 చదరపు అంగుళాల మేర కిరణం పడుతుంది. దాదాపు మూడింతలు! అదీగాక, చెదిరే కిరణాలు పెరిగి బొమ్మ మసకబారుతుంది. "వెడల్పుగా పెడితే ఏ భాగమూ తప్పిపోదు గదా" అన్నది సౌకర్యం. ఆ సౌకర్యానికి ధర రోగి చెల్లిస్తున్నాడు. రిపీట్ సంగతీ అంతే. పొజిషన్ తప్పినా, రోగి కదిలినా, గొలుసు తీయించడం మరచినా మళ్ళీ తీయాలి. మోతాదు రెట్టింపు. రోగికి ముందే నెమ్మదిగా, అర్థమయ్యే తెలుగులో చెప్పడానికి పట్టే అర నిమిషం అన్ని రక్షణలలోకి చవకైనది.

పట్టుకోవడం: చంటిపిల్లలు కదులుతారు. ఎవరో పట్టుకోవాలి. చాలాచోట్ల ఆ "ఎవరో" రోజూ ఒకే వార్డుబాయ్, ఒకే ఆయా. వాళ్ళకు బ్యాడ్జి ఉండదు, చదువు ఉండదు, తమకు ఏమి తగులుతున్నదో తెలియదు. సిబ్బందిలో ఎవరూ దీన్ని రోజువారీ పనిగా చేయకూడదని నియమం. పట్టీలు, ఇసుక సంచులు వాడాలి. తప్పనిసరి అయితే పిల్లవాడి తండ్రికో బాబాయికో ఏప్రన్ తొడిగి, చేతులు కిరణం మేరకు బయట ఉండేట్లు నిలబెట్టాలి. గర్భిణులను, పద్దెనిమిదేళ్ళు నిండనివారిని ఈ పనికి పెట్టరాదు.

అడగడం: మన సమాజంలో కష్టమైనది ఇదే. పొట్ట, నడుము, కటి భాగాల పరీక్షకు వచ్చిన స్త్రీని "నెల తప్పిందా అమ్మా?" అని అడగాలి. అడిగేవాడు కుర్రవాడు, పక్కన అత్తగారు, వెనుక క్యూ. అడగకుండా పోనిచ్చేస్తారు. గోడ మీద బోర్డు ఉంటుంది, కాని చదవడం రానివారి మాటేమిటి? 1950 దశకంలో ఆక్స్‌ఫర్డులో ఆలిస్ స్టూవర్ట్ అనే వైద్యురాలు, కాన్సరుతో మరణించిన పిల్లల తల్లులను అడిగి, కడుపులో ఉన్నప్పుడు ఎక్స్‌రేలు పడిన పిల్లలలో కాన్సరు ఎక్కువగా ఉన్నదని కనుగొన్నది. వైద్యలోకం ఆమెను నమ్మడానికి చాలా ఏళ్ళు పట్టింది. గర్భిణులకు అలవాటుగా ఎక్స్‌రే తీయడం నెమ్మదిగా ఆగిపోయిందంటే ఆమె పట్టుదల ఒక ముఖ్య కారణం. అడిగే పద్ధతి ఉంటే ఇబ్బంది తగ్గుతుంది. తోడు వచ్చినవారిని బయట కూర్చోబెట్టి, నర్సుచేతనో మహిళా సిబ్బంది చేతనో అందరినీ ఒకేలా అడిగించి, ఫారం మీద రాయించుకోవాలి. పెళ్ళయిందా లేదా అన్నది ఆ ప్రశ్నకు ముందు అడగవలసిన ప్రశ్న కాదు.

సాటి ఉద్యోగిని గర్భిణి అయితే ఆ సంగతి చెప్పిన నాటి నుండి గర్భస్థ శిశువుకు 1 మిల్లీసీవర్ట్ దాటకుండా చూడాలి. చెబితే ఉద్యోగానికి ఏమవుతుందోనని ఆమె దాచే వాతావరణం ఉన్న చోట ఈ నియమం కాగితానికే పరిమితం. ఫ్లోరోస్కోపీ, సి-ఆర్మ్ డ్యూటీలు మిగిలినవాళ్ళు మాట్లాడకుండా పంచుకోవడం కూడా కిరణ రక్షణలో భాగమే.

5. ఫిల్ము పోయింది, కాపలా పోయింది

పాత ఫిల్ము పద్ధతిలో ఒక మేలు ఉండేది. ఎక్స్‌పోజర్ ఎక్కువయితే ఫిల్ము నల్లగా మాడిపోయేది. డార్క్‌రూం నుండి వచ్చిన ఫిల్మును లైటుకు పెట్టి చూడగానే అందరికీ తెలిసిపోయేది. తప్పును ఫిల్మే పట్టించేది.

డిజిటల్ పద్ధతి వచ్చిన తర్వాత ఈ కాపలా పోయింది. కిరణాలు తక్కువైతే బొమ్మలో గరుకుదనం కనిపిస్తుంది, రేడియాలజిస్టు కోప్పడతాడు. ఎక్కువైతే కంప్యూటరు సరిచేసి ఇంకా అందమైన బొమ్మను చూపిస్తుంది, ఎవరూ ఏమీ అనరు. తిట్లు తప్పించుకోవాలనుకునే మనిషి ఏం చేస్తాడు? కొద్దిగా పెంచుతాడు. ఆరు నెలలకు ఇంకొద్దిగా. ఇందులో దురుద్దేశం లేదు. కాని రోగుల మోతాదు చాప కింద నీరులా పెరుగుతూ పోతుంది. అలాగే కొలిమేటర్ బార్లా తెరిచి తీసి, తర్వాత బొమ్మ అంచులను తెర మీద కత్తిరించడం ఇంకొక అలవాటు. బొమ్మను కత్తిరించవచ్చు గాని, రోగి ఒంటి మీద పడిన కిరణాన్ని కత్తిరించలేము.

యంత్రాన్ని గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో 2009లో అమెరికాలో తెలిసింది. లాస్ ఏంజెలెస్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో పక్షవాత లక్షణాలతో వచ్చినవారికి తీసే మెదడు సి.టి. స్కానులో 206 మందికి, పద్దెనిమిది నెలల పాటు, ఉండవలసిన దానికి ఎనిమిది రెట్లు మోతాదు వెళ్ళింది. ఒక రోగి జుట్టు ఊడిపోతున్నదని చెప్పేదాకా బయటపడలేదు. ఏడాదిన్నర పాటు రోజూ అదే స్కాను, అవే మీటలు. యంత్రంలో పెట్టి ఉంచిన అంకెను మళ్ళీ ఒకసారి ప్రశ్నించాలన్న ఆలోచన రాలేదు.

దీనికి మందు ఉంది. డిజిటల్ యంత్రం ప్రతి బొమ్మతో పాటు ఎక్స్‌పోజర్ సూచికను చూపుతుంది. సి.టి. యంత్రం స్కానుకు ముందే మోతాదును చూపుతుంది. పోయిన ఫిల్ము నలుపు స్థానంలో ఇప్పుడు ఉన్నవి ఈ అంకెలే. బొమ్మ బాగున్నదా అని చూసే కన్ను, అంకె ఎంత ఉన్నదని కూడా చూడాలి. నెలకొకసారి ఈ అంకెలను, రిపీట్ల లెక్కను కారణాలతో సహా రాసి అందరూ కూర్చుని చూసుకుంటే, ఎక్కడ పొరపాటు పెరుగుతున్నదో దానంతట అదే తెలుస్తుంది.

6. అతి భయమూ మంచిది కాదు

నిర్లక్ష్యానికి ఎదురుగా ఇంకొక వైఖరి ఉంది, భయం. మీట ఆపగానే బల్బు వెలుగు పోయినట్లే ఎక్స్‌రేలూ పోతాయి. గదిలో మిగలవు, రోగి ఒంట్లో మిగలవు. ఈ సంగతి చదువుకున్నవారే మరచి గది శుభ్రం చేసే మనిషిని భయపెడుతూ ఉంటారు. గర్భం ఉన్నదని తెలియక ఒక ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్న స్త్రీకి "తీయించేసుకో" అని సలహా ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. గర్భస్థ శిశువుకు 100 మిల్లీగ్రేల లోపు మోతాదు తగిలినంత మాత్రాన గర్భస్రావానికి అది కారణం కాకూడదని అంతర్జాతీయ సంఘం 2000లో స్పష్టంగా చెప్పింది. ఛాతీ ఎక్స్‌రేలో శిశువుకు తగిలేది అందులో పదివేలో వంతు కూడా ఉండదు. భయం వల్ల పోయే ప్రాణం కూడా ప్రాణమే.

జ్ఞానం మారుతుంది కనుక అలవాటూ మారాలి. జననాంగాల మీద సీసపు తొడుగు కప్పడం దశాబ్దాల పాటు రక్షణకు గుర్తుగా నిలిచింది. 2019లో అమెరికా వైద్య భౌతికశాస్త్రజ్ఞుల సంఘం దానిని రివాజుగా వాడవద్దని చెప్పింది. యంత్రాలు మెరుగై మోతాదులు బాగా తగ్గాయి. తొడుగు చూడవలసిన భాగాన్ని కప్పేస్తే రిపీట్ తీయాలి. ఆటోమేటిక్ యంత్రమైతే అడ్డు వచ్చిన సీసాన్ని చూసి కిరణాలను ఇంకా పెంచుతుంది. తన ఆసుపత్రి నియమావళి ఏం చెబుతున్నదో, ఎందుకు చెబుతున్నదో తెలుసుకొని చేయడం వృత్తి ధర్మం. ఎప్పుడో నేర్చుకున్నదాన్ని అలాగే చేస్తూ పోవడం మంచి పని విషయంలో కూడా మంచిది కాదు.

7. మార్పు సాధ్యమేనా?

సాధ్యమే. రుజువు ఉంది. బ్రిటిష్ రేడియాలజిస్టుల నూరేళ్ళ చరిత్రను పరిశీలించి 2001లో ఒక అధ్యయనం ప్రకటించారు. 1920కి పూర్వం వృత్తిలో చేరినవారిలో కాన్సరు మరణాలు ఇతర వైద్యుల కంటె నూటికి 75 వంతులు ఎక్కువ. 1954 తర్వాత చేరినవారిలో అటువంటి ఆధిక్యం కనిపించలేదు. అమెరికాలో 1982 నుండి లక్షా నలభై ఆరు వేల మంది రేడియోలాజిక్ టెక్నాలజిస్టుల ఆరోగ్యాన్ని గమనిస్తున్నారు. వారిలో స్త్రీలే ఎక్కువ. అక్కడా రక్త కాన్సరు, రొమ్ము కాన్సరు మరణాల బెడద ముఖ్యంగా 1950కి పూర్వం పనిచేసినవారిలోనే కనిపించింది. ఈ మధ్య కాలంలో మారినది కిరణం కాదు. యంత్రాలు మారాయి, నియమాలు మారాయి, మనుషుల అలవాట్లు మారాయి.

మరి మన దగ్గర ఏం చేయాలి? మొదటిది, సీనియర్లు. విభాగంలో పెద్ద రేడియోగ్రాఫర్ రోజూ ఉదయం బ్యాడ్జి పెట్టుకుని గదిలోకి వస్తే పది ఉపన్యాసాల పని జరుగుతుంది. రెండవది, యాజమాన్యం. మంచి ఏప్రన్లు, పిల్లలను కదలకుండా ఉంచే పట్టీలు, సరిపడా మనుషులు ఇవ్వకుండా క్రమశిక్షణ గూర్చి మాట్లాడడం తగదు. మూడవది, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరు. కొన్నిచోట్ల ఈ పేరు లైసెన్సు కాగితం మీద మాత్రమే ఉంటుంది. భౌతికశాస్త్రం ఎమ్మెస్సీ చదివే మన మిత్రులు ఈ రంగం వైపు కూడా చూడాలి. ముంబాయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం వారు రేడియలాజికల్ ఫిజిక్సులో డిప్లొమా నడుపుతున్నారు. తప్పు చేసినవాడిని పట్టుకునే పోలీసులా గాక, బ్యాడ్జి రిపోర్టు వచ్చినప్పుడు ప్రతి ఒక్కరికీ విడివిడిగా చూపించి మాట్లాడే ఆఫీసరు కావాలి. తన అంకె తాను చూసుకున్న మనిషికి ఆ అంకె మీద మమకారం పుడుతుంది.

నాలుగవది మనం, అంటే రోగులం, రోగుల బంధువులం. డాక్టరు అక్కర లేదన్న స్కానును పట్టుబట్టి తీయించుకోకుండా ఉండడం, పాత ఎక్స్‌రేలు, సి.డి.లు పారేయకుండా దాచుకొని వెంట తీసుకువెళ్ళడం, గర్భం ఉంటే అడగకముందే చెప్పడం మన వంతు. "ఇంత చిన్న భాగానికి ఇంత వెడల్పు అవసరమా అండీ?" అని మర్యాదగా అడిగితే ఏ మంచి రేడియోగ్రాఫరూ కోప్పడడు.

ఈ సంవత్సరం ఆసుపత్రులకు పోస్టింగు మీద వెళ్ళబోతున్న ఇమేజింగ్ విద్యార్థులకు చివరగా ఒక మాట. మీరు వెళ్ళిన చోట మొదటి వారంలో ఏది చేస్తే అదే మీ అలవాటు అవుతుంది. అప్పుడు నవ్వేవాళ్ళు నవ్వుతారు. బ్యాడ్జి పెట్టుకోండి, కొలిమేటర్ దగ్గరకు మూయండి, రెండడుగులు వెనక్కు జరగండి, ఆయాను బయటికి పంపండి, ఆ ఇబ్బందికరమైన ప్రశ్న అడగండి. మీ తర్వాత సంవత్సరం వచ్చే విద్యార్థి పుస్తకాన్ని చూడడు, మిమ్మల్ని చూస్తాడు.